మోతాదు తెలియని మేవా

బ్రెజిల్ గింజ గుణదోషములను గూర్చి

చార్మినారునుండి ఉత్తరముగా పత్తర్‌గట్టీ రాతి కమానుల నీడన నడిచి, నయాపూల్ మీదుగా మూసీని దాటి, అఫ్జల్‌గంజ్ జనసమ్మర్దమును ఎట్లో తప్పించుకొని బేగంబజారులో అడుగుపెట్టినవానికి, ఆ బజారు కంటికంటె ముందుగా ముక్కునకు తెలియును. ఎండు ఖర్జూరముల తీయని వాసన, యాలకుల పరిమళము, శొంఠి ఘాటు, కొత్త గోనెసంచుల నార కంపు ఒకదానితో నొకటి కలిసి ఆ సందులలో ఎల్లవేళల నిలిచియుండును. రెండవ అసఫ్‌జా నిజాం అలీఖాను పత్నియగు హమ్దాబేగము ఈ భూమిని వర్తకుల కిచ్చుటచేత దీనికీ పేరు కలిగినదని ప్రసిద్ధి. నది ఆవలి యొడ్డున ఉన్నను పాతబస్తీ గృహములకు ఇది పరాయిది కాదు. ఈద్ నాటి షీర్ ఖుర్మాకును, పెండ్లివిందులోని ఖుబానీ కా మీఠాకును, బాలింతరాలి పథ్యమునకును కావలసిన మేవా, అనగా ఎండుఫలములును గింజలును, అంతయు తరతరములుగా ఇక్కడినుండియే మూసీ దాటి పోవుచున్నది.

ఈ మేవాలో చిరోంజీ మన యడవులది. తక్కినవి చాలవరకు దేశాంతరములనుండి వచ్చినవే. జీడిపప్పు సైతము పోర్చుగీసువారు పదునారవ శతాబ్దిలో బ్రెజిలునుండి తెచ్చి మన తీరములలో నాటిన చెట్టు ఫలము. అయినను వందల ఏండ్ల వాడుకలో వీటి గుణమేదో, దోషమేదో, ఎంత తినిన మేలో, ఎంత దాటిన కీడో ఇంటింటి పెద్దలకు కంఠస్థమైనది. అక్రోటు అతిగా తినిన వేడి చేయుననియు, బాదములు రాత్రి నానవేసి ప్రొద్దున పొట్టు తీసి ఐదో ఏడో లెక్కపెట్టి పిల్లలకు పెట్టవలెననియు చెప్పని అవ్వ పాతబస్తీలో ఉండదు. లెక్కపెట్టి పెట్టుట యనునది ఇక్కడ లోభము కాదు, వైద్యము.

ఇట్టి బజారులోనికి ఇటీవలి కాలమున బ్రెజిలునుండి మరియొక గింజ వచ్చి, మకాడమియా, పీకాన్ మొదలగు కొత్త సరకుల ప్రక్కన గాజుసీసాలలో కూర్చున్నది. వర్తకులు దీనిని బ్రెజిల్ నట్ అనియే పిలుచుచున్నారు. బొటనవ్రేలంత పొడవున, మూడు పలకలుగా, నారింజతొన వలె వంగియుండు నీ గింజను చేతిలోనికి తీసికొనినచో, అక్కడక్కడ అంటియున్న ముదురు గోధుమరంగు పొరక్రింద దంతపు రంగు గల మాంసలమైన పప్పు కనబడును. గోరుతో గీచిన చాలు, నూనె చెమ్మ తగులును. కొరికినచో ఎండుకొబ్బరికి దగ్గరగా, కొంచెము మట్టివాసనతో కూడిన రుచి. మూడింట రెండువంతులు కొవ్వే యగుటచేత రెండు మూడు తినగానే కడుపు నిండినట్లుండును. చూచుటకు పెద్దది, తినుటకు కమ్మనిది, బలకరమని నలుగురును చెప్పుచున్నది. కొనువారు లేకపోవుటెట్లు?

ఒక దుకాణమున విన్న మాట నిక్కడ చెప్పవలసియున్నది. ఒక పెద్దావిడ ఆ సీసాను చూపి, అమ్ముచున్న కుర్రవానిని, "బిడ్డా, గివి మా మనుమనికి పెట్టొచ్చునా? దినాం ఎన్ని పెట్టాలె?" అని అడిగినది. ఆ కుర్రవాడు తూకము వేయుచునే, "బాదం లెక్కనే అమ్మా. ఐదు పెట్టుండ్రి, ఏడు పెట్టుండ్రి, ఏం గాదు," అన్నాడు. అతని మాటలో కపట మేమియు లేదు. తనకు తెలిసిన లెక్కయే అతడు చెప్పినాడు. కాని బాదమునకు సరియైన ఆ లెక్క ఈ గింజకు అపాయకరము. ఈ వ్యాసము వ్రాయుటకు ఆ ఒక్క మాటయే కారణము.

ఎందుచేత అపాయకరమో అంకెలే చెప్పును. నూరు గ్రాముల బాదములో సెలీనియమను మూలకము సుమారు నాలుగు మైక్రోగ్రాములే ఉండును. అమెరికా ప్రభుత్వపు ఆహారపట్టికల ప్రకారము అదే తూకపు బ్రెజిల్ గింజలలో 1,900 మైక్రోగ్రాములకు పైగా కలదు. మైక్రోగ్రామనగా గ్రాములో పదిలక్షలవ వంతు. మన దేశమున పెద్దవారికి దినమునకు అట్టివి 40 చాలునని భారత వైద్య పరిశోధన మండలి నిర్ణయించినది. అమెరికావారు 55 అన్నారు. ఒక్క బ్రెజిల్ గింజలోనే సగటున 70 మొదలు 90 వరకు ఉండును. అనగా ఒక గింజ నోట వేసికొనుటతో ఆనాటి అవసరము తీరి, పైన మరికొంత మిగిలినదన్నమాట. పెద్దవారికి దినమునకు 400 దాటరాదని అమెరికా శాస్త్రజ్ఞులు హద్దు గీచిరి. ఐరోపా ఆహారరక్షణ సంస్థ 2023లో ఆ హద్దును 255కు దించినది. ఆ పెద్దావిడ మనుమడు నాలుగేండ్లు నిండనివాడైనచో, అమెరికా లెక్క ప్రకారమే అతనికి హద్దు 90. నాలుగునుండి ఎనిమిదేండ్లలోపు వాడైనచో 150. ఐదు గింజలు పెట్టిన యెడల ఆ పసివాని శరీరములోనికి పోవునది సగటు లెక్కన మూడువందల యేబదికి తక్కువ కాదు. ఒకనాటితో ముంచుకొనివచ్చు ప్రమాదము కాకపోవచ్చును. కాని బాదము వలె నిత్యనియమముగా నెలల తరబడి పెట్టినచో అది పోషణ యనిపించుకొనదు.

అమెజాను అరణ్యమునుండి

ఈ గింజ యెక్కడిదో తెలిసినగాని దీని స్వభావము బోధపడదు. దక్షిణ అమెరికాలోని అమెజాను పరీవాహకమున, బ్రెజిలు, బొలీవియా, పెరూ దేశముల మహారణ్యములలో, నూటయేబది అడుగుల యెత్తునకు పెరిగి వందల ఏండ్లు జీవించు వృక్షమిది. హంబోల్టు, బోన్‌ప్లాండు అను యాత్రికశాస్త్రజ్ఞులు పందొమ్మిదవ శతాబ్ది ఆరంభమున దీనిని వర్ణించి, బెర్తొలే యను ఫ్రెంచి రసాయనవేత్త పేర బెర్తొలేషియా ఎక్సెల్సా అని నామకరణము చేసిరి. మన శివాలయముల ప్రాంగణములలో పడగవిప్పిన పూలతో నిలుచు నాగలింగవృక్షము దీనికి జ్ఞాతి. రెండును ఒకే కుటుంబమునకు చెందినవి, రెండును దక్షిణ అమెరికాలో పుట్టినవే. నాగలింగపు కాయ ఇనుపగుండు వలె ఉండునట్లే దీని కాయయు రాతివంటి పెంకుతో రెండుకిలోల వరకు తూగును. కాయ పండుటకు సంవత్సరమునకు పైగా పట్టును. వానకాలమున అది అంత యెత్తునుండి తనంత తానుగా రాలిపడును. క్రిందనున్నవాని తలపై పడినచో ప్రాణమే పోవును. అడవిలో తిరుగువారు దానిని గొడ్డలితో పగులగొట్టి, లోపల తొనలుగా అమరియున్న ఇరువదికి అటునిటుగా గింజలను ఏరుకొందురు.

దీనిని తోటగా వేసి కాయించుట సులభము కాదు. మూతపడినట్లుండు దీని పూవును బలముగా తెరచుకొని దూరగల పెద్ద తేనెటీగలు అడవిలోనే బ్రదుకును. ఆ కఠినమైన పెంకును పండ్లతో కొరికి గింజలను బయటికి తీసి, కొన్నిటిని తిని కొన్నిటిని భూమిలో పాతి మరచిపోయి కొత్త మొక్కలు మొలిపించు అగూటి యను మూషికజాతి జంతువు కూడ ఆ యడవిదే. కావున లోకమంతట అమ్ముడగు బ్రెజిల్ గింజలలో అధికభాగము నేటికిని అరణ్యమునుండి ఏరి తెచ్చినవే. ఎరువులెరుగని ఆ నేలలో సెలీనియము ఒకచోట మిక్కుటము, ఒకచోట అత్యల్పము. చెట్టు తన వేళ్ళకు దొరికినంత పీల్చి గింజలో దాచును. అందుచేత ఒక ప్రాంతపు గింజకును మరియొక ప్రాంతపు గింజకును మధ్య సెలీనియములో పదుల రెట్ల భేదమున్నట్లు బ్రెజిలులోని పరిశోధనలు చూపినవి. ఒక గింజలో పది మైక్రోగ్రాములైన ఉండకపోవచ్చును, మరియొకదానిలో రెండు వందలు దాటవచ్చును. బేగంబజారు సీసాలోని గింజ ఏ నది యొడ్డున రాలినదో అమ్మువానికి తెలియదు, కొనువానికి తెలియదు.

విషముగా తెలిసి, పిదప పోషకమైనది

సెలీనియమును 1817లో స్వీడను దేశపు రసాయనవేత్త బెర్జీలియసు కనుగొన్నాడు. ఆ తరువాత నూరేండ్లకు పైగా లోకము దానిని విషముగానే యెరిగినది. 1930 ప్రాంతమున అమెరికాలోని దక్షిణ డకోటాలో పశువులు గిట్టలు చీలి, తోకవెండ్రుకలు రాలి, కుంటుచు చచ్చిపోవుటకు కారణము మేతలోని సెలీనియమేనని తేలినది. మన పంజాబులో హోషియార్‌పూరు, నవాన్‌షహరు ప్రాంతపు గ్రామములు కొన్నిటిలో నేల సెలీనియముతో నిండియుండుటచేత పశువులకు అట్టి బాధలే కలిగినవి. చైనాలోని హూబే రాష్ట్రమున ఎన్‌షీ ప్రాంతమున 1961 మొదలు 1964 వరకు మనుష్యులకే వెండ్రుకలును గోళ్ళును రాలిపోయినవి.

దీనికి మరియొక ముఖము కలదని 1957లో క్లాస్ ష్వార్జు ఎలుకలపై చేసిన ప్రయోగములవలన తెలిసినది: అత్యల్పముగా నున్న సెలీనియము కాలేయమును కాపాడుచున్నది. చైనా ఈశాన్యమున కేషాన్ ప్రాంతమున పసివారి, స్త్రీల గుండెలను కబళించిన వ్యాధికి సెలీనియము కొరతయే ప్రధానకారణమని తరువాత తేటపడినది. మన కణములను క్షీణింపజేయు ఆమ్లజనజనిత ద్రవ్యములను అణచు ఒక ముఖ్యమైన ఎంజైమునకు ఇది ప్రాణము. కంఠమునందలి థైరాయిడు గ్రంథి, తూకమున కెంతయని చూచినచో, శరీరమునందలి ఏ యవయవముకంటెను అధికముగా సెలీనియమును ధరించును. ఆ గ్రంథి విడుచు హార్మోను పనిచేయు రూపమునకు మారుటకును ఇదియే కావలెను. ఒకే వస్తువు కొరతలో గుండెను పడగొట్టి, అధికమైనచో తల బోడి చేయుచుండగా, ఆ రెండు గట్టుల నడుమ దారి మిక్కిలి సన్నముగా నున్నది. ఇంత ఇరుకైన హద్దులు గల పోషకములు చాల తక్కువ.

దారుష్షిఫా నేర్పిన పాఠము

ఇట్టి వస్తువుతో ఎట్లు వ్యవహరింపవలెనో పాతబస్తీకి కొత్తగా నేర్పవలసిన పనిలేదు. మహమ్మద్ కులీ కుతుబ్‌షా పదునారవ శతాబ్ది చివర కట్టించిన దారుష్షిఫాలో యునానీ వైద్యము చేయుటయు, బోధించుటయు జరిగినవి. ఆ పేట నేటికిని ఆ పేరనే యున్నది. చార్మినారునకు కూతవేటు దూరమున నిజామియా యునానీ వైద్యాలయము ఈనాటికిని రోగులను చూచుచున్నది. యునానీ ద్రవ్యగుణ గ్రంథములను తెరచి చూచినచో, ప్రతి ద్రవ్యమునకును మిజాజ్, అనగా స్వభావము, మొదట చెప్పి, పిదప దాని ప్రయోజనములు చెప్పి, అంతటితో నిలువక దానివలన దేనికి హాని కలుగునో ముజిర్ అనియు, ఆ హానిని సరిదిద్దునదేదో ముస్లిహ్ అనియు, చివరకు ఎంత పుచ్చుకొనవలెనో మిక్దారె ఖురాక్ అనియు వరుసగా నిర్దేశించియుందురు. గుణము చెప్పి దోషము దాచుట, దోషము చెప్పి మోతాదు విడుచుట ఆ శాస్త్రమర్యాదలో లేదు.

దీనికి నల్లజీడి గింజయే సాక్ష్యము. చాకలివారు బట్టలకు చెరగని గురుతులు పెట్టు ఈ గింజను మన వైద్యులు భల్లాతకమనిరి, హకీములు బలాదురనిరి. తగుపాటి శోధనతో, కొలతతో వాడినచో బుద్ధిబలమిచ్చునని రెండు వైద్యములును నమ్మినవి; శోధింపని రసము చర్మమును తాకినంతమాత్రమున పొక్కులెక్కించును. క్రీస్తుశకము 892 ప్రాంతమున బాగ్దాదులో గతించిన గొప్ప చరిత్రకారుడు అల్ బలాదురీ ఈ రసమును తెలియక త్రాగి మతిచెడి మరణించెనని ఐతిహ్యము. ఆ గింజ పేరే ఆయన పేరై నిలిచినది. జ్ఞాపకశక్తికై వాడు గింజయే జ్ఞాపకమును హరించునని అంత స్పష్టముగా ఎరిగిన వైద్యసంప్రదాయము, బ్రెజిల్ గింజ తన గ్రంథములలో చేరియున్నచో, దాని ప్రక్కన మోతాదు వ్రాయక ఊరకుండెడిది కాదు.

నవీన శాస్త్రమును కూడ ఈ నగరమునకు అరువు తెచ్చుకొన నక్కరలేదు. 1918లో కూనూరులో బెరిబెరి విచారణకై ఒక గదిలో మొదలై, 1958లో హైదరాబాదు తార్నాకకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ మనకున్నది. ఆ సంస్థ 2017లో ప్రకటించిన భారతీయ ఆహారపదార్థ పట్టికలలో బాదము, జీడిపప్పు, పిస్తా, అక్రోటు, వేరుశనగ, చిల్గోజా గింజలకు స్థానమున్నది. బ్రెజిల్ గింజకు లేదు. మన దేశపు పంట కానందున అది లోపమని నేననను. కాని మన బజారులోనికి వచ్చిన సరకు మన పట్టికలోనికి రాలేదనుట మాత్రము నిజము.

మేలెంత?

మేలు లేదనుట అన్యాయము. న్యూజీలాండు నేలలో సెలీనియము తక్కువ. అక్కడ 2008లో ప్రకటితమైన పరిశోధనలో, దినమునకు రెండు గింజల చొప్పున పన్నెండు వారములు తినినవారి రక్తమున సెలీనియము, మాత్రలు మ్రింగినవారితో సమానముగా పెరిగినది. కొరత ఉన్నచోట ఇది మందువంటి ఆహారమే. దీనిలో మెగ్నీషియము సమృద్ధిగా నున్నది; మాంసకృత్తులు నూటికి పదునాలుగు వంతులు. కొవ్వు అధికమైనను అందు మేలుచేయు జాతియే ఎక్కువ, చెడుకొవ్వును ఇతర గింజలకన్న కొంత హెచ్చుగానే కలిగియున్నను.

కొలెస్టరాలు విషయమున ప్రచారము శాస్త్రమును మించిపోయినది. నాలుగు గింజలు ఒక్కమారు తినినచో నెలదాక కొలెస్టరాలు దిగియుండునని చెప్పుకొనుటకు మూలము 2013లో వెలువడిన ఒక పరిశోధన. అందు పాల్గొన్నవారు ఆరోగ్యవంతులైన పదిమంది. పదిమందిని చూచి లోకమునకు మందు చెప్పరాదు.

థైరాయిడు మాట మరింత ముఖ్యము, ఏలయన నేడు అనేక గృహములలో థైరాయిడు మాత్ర వేసికొను స్త్రీ యున్నది. గ్రేవ్స్ వ్యాధివలన కండ్లు స్వల్పముగా చెడినవారికి ఆరునెలలు సెలీనియము నిచ్చుటవలన మేలు కలిగినదని 2011లో ఐరోపా వైద్యులు చూపిరి. అది కొలిచి ఇచ్చిన మందు, ఒక ప్రత్యేకస్థితికి ఇచ్చిన మందు. ఉదయమున వేసికొను థైరాక్సిను మాత్రకు ఏ గింజయు ప్రతినిధి కాజాలదు. గింజలు తినుచున్నామని మాత్ర మానినవారు తమ ప్రాణముతో చెలగాటమాడుచున్నారు.

క్యాన్సరు విషయమున సెలీనియముపై కట్టుకొన్న ఆశ ఎట్లు కూలినదో కూడ తెలియవలెను. 1996లో ఒక అమెరికా పరిశోధన, సెలీనియము పుచ్చుకొన్న పురుషులకు ప్రోస్టేటు క్యాన్సరు తగ్గినదని సూచించినది. దానిని తేల్చుటకై 35,000కు పైగా పురుషులతో సెలెక్ట్ అను మహాపరిశోధన సాగి, దినమునకు 200 మైక్రోగ్రాములిచ్చినను ప్రయోజనము కానరాక 2008లో మాత్రలను ఆపివేయవలసివచ్చినది. అంతేకాదు, మొదటి పరిశోధనలోని వారినే దీర్ఘకాలము పరిశీలింపగా సెలీనియము పుచ్చుకొన్నవారిలో మధుమేహము ఎక్కువగా కనబడినది. మధుమేహము ఇంటింటి చుట్టమైన ఈ నగరములో ఈ వాక్యమును రెండుమార్లు చదువవలెను.

కీడేది?

అధికమైన సెలీనియము తన రాకను తానే చాటును. ముందుగా ఊపిరిలో వెల్లుల్లి వాసన, నోట లోహపు రుచి. పిదప వెండ్రుకలు రాలుట, గోళ్ళు పెళుసై విరుగుట, వాంతి, విరేచనము, అలసట, చిరాకు. ముదిరినచో నరములకు దెబ్బ. అమెరికాలో 2008లో ఒక ద్రవరూప పోషకౌషధమున, తయారీలోని పొరపాటుచేత, సీసాపై వ్రాసినదానికి రెండువందల రెట్లు సెలీనియము కలిసి, 201 మంది ఈ బాధలనే అనుభవించిరి. జుట్టు రాలుచున్నదని బ్రెజిల్ గింజలు మొదలిడి, ఇంకను రాలుచున్నదని మరి రెండు పెంచువారున్నచో, వారికి మందే రోగమగుచున్నదని గ్రహింపవలెను. సెలీనియము కలిసిన విటమిను మాత్రలు వేసికొనువారు ఆ లెక్కను కూడ కలుపుకొనవలెను.

గింజల యలర్జీ కలవారికి ఇది మరింత భయంకరము. దీని మాంసకృత్తులలో ఒకటి కొందరికి గొంతు వాచి ఊపిరాడనంతటి ప్రతిక్రియ కలిగించును. సోయాచిక్కుడు పోషణశక్తిని పెంచుటకై ఆ మాంసకృత్తు జన్యువును అందు చేర్చిన అమెరికా సంస్థ యొకటి, అలర్జీ కూడ దానివెంట వచ్చుచున్నదని తేలగా, ఆ ప్రయత్నమునే విడిచిపెట్టినది. 1996లో ఆ పరీక్షాఫలితములు ప్రకటితమైనవి. బాదముగాని జీడిపప్పుగాని పడనివారు దీనిని పరీక్షార్థమైనను నోట పెట్టరాదు.

మూడవది బూజు. తేమ తగిలిన నూనెగింజలలో పుట్టు అఫ్లటాక్సిను విషమునకు భయపడియే ఐరోపా సమాజము 2003లో బ్రెజిలునుండి వచ్చు పెంకుగింజలపై కఠిననిబంధనలు విధించినది. ఈ విషమేమి చేయగలదో మనవారే చూచినారు: 1974లో రాజస్థాన్, గుజరాతు సరిహద్దు గ్రామములలో బూజుపట్టిన మొక్కజొన్నలు తిని 397 మంది కాలేయవ్యాధి పాలై, 106 మంది మరణించిన ఘోరమును పరిశోధించినది మన జాతీయ పోషకాహార సంస్థయే. కావున పసుపుబారినది, ముక్క వాసన వేయునది, నాలుకకు చేదు తగులునది మొగమాటము లేక పారవేయుడు. వానకాలమున సీసా మూత బిగించి శీతలపేటికలో నుంచుడు. ఈ గింజలో రేడియము కలదను భయమును మాత్రము విడువవచ్చును. కొంత కలదన్నది నిజమే గాని, దానిలో అధికభాగము శరీరమున నిలువక వెడలిపోవును.

ఎట్లు తినవలెను?

ఆరోగ్యవంతులైన పెద్దవారు దినమునకు ఒక్క గింజను మించరాదు. దినము విడిచి దినము ఒకటి తినినను కొరత యేమియు రాదు. పప్పు, గోధుమ, గ్రుడ్డు, చేప తినువారికి సెలీనియము వానివలననే కొంత అందుచుండును. పసిపిల్లలకు పెట్టనే వద్దు. వారికి నానిన బాదమే చాలును. గర్భిణులు, థైరాయిడు రోగులు, మధుమేహులు తమ వైద్యునితో చెప్పి తినుట మంచిది. కొనలేనివారు చింతింపవలసిన పనియే లేదు, ఈ గింజ లేకయే మన తాతలు నూరేండ్లు బ్రదికిరి.

బేగంబజారు వర్తకులకు నా విన్నపము. సీసాపై ధర వ్రాయుచున్న చీటిమీదనే మోతాదు కూడ తెలుగులోను, ఉర్దూలోను వ్రాసి అంటించుడు. తూకము వేయు కుర్రవానికి ఆ ఒక్క వాక్యము నేర్పుడు. తార్నాకలోని శాస్త్రజ్ఞులను కోరునది, మన బజారులలో అమ్ముచున్న బ్రెజిల్ గింజలను తెప్పించి, వానిలోని సెలీనియమును అఫ్లటాక్సినును కొలిచి ప్రజలకు తెలుపుడని. ఇప్పటికే ఇంట సీసా ఉన్న గృహిణులు దానిని బాదము ప్రక్కనుండి నేడే తీసి, పిల్లలకందని చోట పెట్టి, మీద "పెద్దలకు రోజుకొకటి, పిల్లలకు వద్దు" అని వ్రాసి యుంచవలెను.